మద్రాసు బోరు నీళ్ళలో బతికే మొక్క ఏదన్నా ఉందా?

మేడవాక్కం_మురళి | శనివారం, రాత్రి 9:40
అందరికీ నమస్కారం. మా ట్యాంకు రెండడుగులది. 24 అంగుళాల పొడవు, వెడల్పూ ఎత్తూ 12 చొప్పున. గప్పీలు, నల్ల మోలీలు ఉన్నాయి. చేపలకేం, దర్జాగా ఉన్నాయి, పిల్లలు కూడా పెడుతున్నాయి. మొక్కలే నిలవట్లేదు. కబోంబా పెడితే వారం తిరక్కుండా కరిగి రసంలా అయింది. వాటర్ విస్టీరియా తెచ్చాం, కింది ఆకుల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే రాలి, చివరికి కాడ మిగిలింది.

మా అపార్టుమెంటుకి బోరు నీళ్ళే గతి. ఎండాకాలంలో లారీ నీళ్ళు కూడా సంపులో కలుస్తాయి. నీళ్ళలో కరిగిన ఉప్పులన్నీ కొలిచే టీడీఎస్ మీటరు 900 చూపిస్తోంది. లైటు 18 వాట్ల ఎల్ఈడీ, పొద్దున తొమ్మిదింటికి వేస్తే రాత్రి పదింటికి ఆర్పుతాం. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, ఖరీదైన మట్టి, వారం వారం ఎరువు సీసాలు... అంత ఓపిక నాకు లేదు, ఇంట్లో అనుమతీ లేదు. ఏం చేసినా చావని మొక్క ఒక్కటి చెప్పండి చాలు.

పెరంబూరు_ప్రసాద్ | రాత్రి 9:52
ప్లాస్టిక్‌ది పెట్టండి సార్. మా హాల్లో ఉన్నది ఎండకీ వానకీ తేడా లేకుండా ఒకటే పచ్చ.

కొళత్తూరు_అన్నయ్య | రాత్రి 10:15
ప్రసాదూ, నువ్వు కాస్త ఆగు.

మురళి గారూ, కబోంబాకి మెత్తటి నీళ్ళు, అంటే కాల్షియం, మెగ్నీషియం తక్కువున్నవి కావాలి. బోరు నీళ్ళలో వేస్తే అది కరగకపోతే ఆశ్చర్యం. మీరు హైడ్రిల్లా తెచ్చుకోండి. మన దేశపు మొక్కే. చెరువుల్లో, కాలువల్లో, వరి పొలాల పక్క గుంటల్లో దానంతట అదే పెరుగుతుంది. కొళత్తూరులో ఆదివారం పొద్దున వస్తే ఏ కొట్టులో అడిగినా కట్ట ఇస్తారు, పెద్ద రేటేం ఉండదు. తెచ్చాక కట్టకి ఉన్న రబ్బరు బ్యాండు తీసెయ్యండి. అది అలాగే ఉంచి గులకరాళ్ళలో గుచ్చితే బ్యాండు కింద కాడ నలిగి కుళ్ళుతుంది, పైన పచ్చగా ఉన్నదంతా ఓ రోజు విడిపోయి తేలుతుంది. కాడలు విడదీసి, కింది రెండంగుళాల ఆకులు దూసేసి, విడివిడిగా గుచ్చండి. గుచ్చే తీరిక లేకపోతే ఊరికే నీళ్ళ మీద వదిలెయ్యండి. కణుపుల దగ్గర తెల్ల వేళ్ళు దిగి అదే అడుగు వెతుక్కుంటుంది.

లైటు మాత్రం పదమూడు గంటలు దండగ. ఏడెనిమిది గంటలు చాలు. మిగతాదంతా పాచికి మేత.

వాలిస్_వాసు | రాత్రి 10:31
హైడ్రిల్లా అయినా సరే, వాలిస్నేరియా ఉండగా దాని జోలికి ఎందుకండీ? రిబ్బన్ లాంటి పొడుగాకులు, చూడ్డానికి కూడా అందం. గట్టి నీళ్ళంటే దానికి ఇష్టం. ఒక్క మొక్క పెడితే అడుగున తీగ పాకించి, పక్కన పిల్ల, దాని పక్కన ఇంకో పిల్ల వేస్తూ పోతుంది. ఒకటే జాగ్రత్త. పాచి పోవడానికి లిక్విడ్ కార్బన్ అని సీసాల్లో అమ్ముతారు చూడండి, అందులో ఉండేది గ్లూటరాల్డిహైడ్. అది పడితే వాలిస్ ఆకులు కరిగిపోతాయి.

కొళత్తూరు_అన్నయ్య | రాత్రి 10:44
వాలిస్ మంచిదే, కాదనను. కానీ కొత్త ట్యాంకులో పెట్టిన మొదట్లో ముసుగు తన్ని పడుకుంటుంది. నెల దాకా కదలకపోవచ్చు. ఈయనకి ఇప్పటికే రెండు మొక్కలు పోయాయి. నెల రోజులు చూస్తూ కూర్చోమంటే మూడోది ప్లాస్టిక్‌దే అవుతుంది.

ఝాన్సీ_వేళచ్చేరి | ఆదివారం, ఉదయం 7:05
ఒక మాట. కొన్ని చోట్ల హైడ్రిల్లా అడిగితే ఎగీరియా ఇస్తారు, రెండూ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. ఎగీరియా దక్షిణ అమెరికాది. చల్లటి నీళ్ళ మొక్క, మన మే నెలకి తట్టుకోదు. కొట్లోనే వేళ్ళతో చూసుకోండి. కాడని కింది నుంచి పైకి చూపుడువేలూ బొటనవేలూ మధ్య లాగితే హైడ్రిల్లా గరుగ్గా తగులుతుంది, ఆకు అంచున రంపపు పళ్ళుంటాయి. ఆకుని తిప్పి చూస్తే వెనక ఈనె మీద కూడా చిన్న చిన్న ముళ్ళు కనిపిస్తాయి. ఎగీరియా మెత్తగా జారుతుంది.

ఇంకోటి. చెరువు నుంచి తెచ్చిన సరుకైతే నేరుగా ట్యాంకులో వెయ్యొద్దు. నత్తలు సరే, తూనీగ పిల్లలు వస్తాయి. మట్టి రంగులో ఉండి కాడకి అంటుకుని కూర్చుంటాయి, గప్పీ పిల్లల్ని ఒక్కొక్కదాన్నే లాగేస్తాయి. తెల్ల బకెట్లో వేసి గట్టిగా జాడించండి, అడుగున ఏం కదులుతున్నాయో తెలుస్తుంది. తర్వాత లీటరు నీళ్ళకి చిన్న చెంచాడు పటికపొడి లెక్కన కలిపి, రెండు మూడు గంటలు నానబెట్టి, మంచినీళ్ళతో బాగా కడిగి పెట్టుకోండి. నత్త గుడ్లకి పటిక పూర్తి గ్యారంటీ కాదు. జిగురు ముద్దలా ఆకు వెనక కనిపిస్తే గోటితో గీకెయ్యడమే.

మేడవాక్కం_మురళి | ఆదివారం, మధ్యాహ్నం 2:20
తెచ్చేశాను. గరుగ్గానే ఉంది. జాడిస్తే తూనీగ పిల్ల ఒకటి నిజంగానే దొరికింది, మా అమ్మాయి దాన్ని సీసాలో పెట్టుకుంది. అది ఏడో క్లాసు. ఈ మొక్క వాళ్ళ సైన్సు పుస్తకంలో ఉందట. నాకంటే దానికే హుషారు ఎక్కువగా ఉంది.

లక్ష్మీటీచర్ | ఆదివారం, సాయంత్రం 6:10
ఉంటుంది బాబూ. బీకరులో హైడ్రిల్లా, దాని మీద బోర్లించిన గరాటు, గరాటు కాడ మీద నీళ్ళు నింపిన పరీక్షనాళిక. ఎండలో పెడితే బుడగలు లేచి నాళిక పైన వాయువు చేరుతుంది. ఆర్పిన అగ్గిపుల్ల నిప్పు కణంతో ఉండగా లోపల పెడితే భగ్గుమంటుంది, అది ఆక్సిజన్ అని రుజువు. నేను ఇక్కడి తెలుగు మీడియం స్కూల్లో చెప్పినన్నాళ్ళూ ఈ ప్రయోగం తప్పిన ఏడాది లేదు. మీ అమ్మాయిని కాడని తలకిందులుగా పెట్టి, తెగిన చివర వైపు చూడమనండి. బుడగలు అక్కడి నుంచి దారంలా వస్తాయి. లైటు దగ్గరికి జరిపితే నిమిషానికి వచ్చే బుడగలు పెరుగుతాయి, దూరం జరిపితే తగ్గుతాయి. లెక్క పెట్టుకోవచ్చు.

మేడవాక్కం_మురళి | తర్వాతి శనివారం, రాత్రి 8:55
అన్నయ్య గారూ, చావదన్నారు. చస్తోంది. కింది ఆకులు బాగానే ఉన్నాయి, కానీ కొత్తగా వచ్చే చిగురు పాలిపోయి, మెలితిరిగి, ముడుచుకుపోతోంది. ఆకులు సగం సైజే వస్తున్నాయి. లైటు ఎనిమిది గంటలకి తగ్గించాను. ఎరువు కొనాలా?

కొళత్తూరు_అన్నయ్య | రాత్రి 9:10
ఇది నేను ఊహించలేదు. చేపల రెట్టే దీనికి ఎరువు, నత్రజనికి లోటుండదు. ఐరన్ తక్కువైందేమో. కొత్తాకు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఐరన్ లోపం. అలాగే ఉందా?

పెరంబూరు_ప్రసాద్ | రాత్రి 9:14
నా మాట వినుంటే ఈపాటికి...

ఝాన్సీ_వేళచ్చేరి | రాత్రి 9:48
ఐరన్ అయితే ఆకు పాలిపోతుంది గానీ ఇలా మెలితిరగదు. చెన్నై బోరు నీళ్ళలో హైడ్రిల్లా పెరక్కపోవడం అంటే ఎక్కడో తేడా ఉంది. మురళి గారూ, ఒకటి అడుగుతాను. మీ అపార్టుమెంటులో సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉందా? స్నానానికి సబ్బు రాసుకుంటే ఎంత కడిగినా ఒళ్ళు జిడ్డుగానే అనిపిస్తుందా?

మేడవాక్కం_మురళి | రాత్రి 10:02
ఉంది. కిందటేడు పెట్టారు. నెలకి బస్తాల కొద్దీ ఉప్పు పోస్తారు, దానికి మెయింటెనెన్సులో వేరే వసూలు. సబ్బు విషయం కూడా నిజమే. కానీ టీడీఎస్ 900 ఉంది కదండీ? సాఫ్ట్‌నర్ ఉంటే తగ్గాలి కదా?

ఝాన్సీ_వేళచ్చేరి | రాత్రి 10:25
తగ్గదు. చాలామంది అక్కడే పొరపడతారు. సాఫ్ట్‌నర్ చేసే పని నీళ్ళలోంచి కాల్షియం, మెగ్నీషియం లాక్కుని వాటి బదులు సోడియం వదలడం. పోసే ఉప్పంతా అందుకే. టీడీఎస్ మీటరుకి కాల్షియమైనా సోడియమైనా ఒకటే, కరిగి ఉన్నదాన్నంతా కలిపి ఒక అంకె చూపిస్తుంది. గీజర్లో, కుళాయి మీద తెల్ల పొక్కు కట్టకుండా ఉండటానికి అది భేషు. మొక్కకి మాత్రం కాల్షియం లేనిదే కొత్త చిగురు సరిగా రాదు. పాత ఆకులోంచి కొత్త ఆకుకి కాల్షియం కదలదు కూడా, అందుకే కింద పచ్చగా, పైన ముడుచుకుని ఉంది మీకు.

కావాలంటే హార్డ్‌నెస్ చూసే స్ట్రిప్పు ముంచి చూడండి. నా అంచనా ప్రకారం గట్టిదనం దాదాపు సున్నా వస్తుంది, ఆల్కలినిటీ, అంటే క్షారగుణం మాత్రం ఎక్కువ చూపిస్తుంది.

చాలా అపార్టుమెంట్లలో తోటకి, కార్లు కడగడానికి ఇచ్చే కుళాయి సాఫ్ట్‌నర్‌కి ముందే ఉంటుంది. వాచ్‌మన్‌ని అడగండి. ఆ నీళ్ళే ట్యాంకుకి వాడండి. ఒక్కసారిగా మార్చొద్దు, రెండు మూడు రోజులకోసారి ఐదో వంతు చొప్పున మార్చండి. గప్పీలకీ మోలీలకీ కూడా గట్టి నీళ్ళే మంచివి.

పెరంబూరు_ప్రసాద్ | రాత్రి 10:40
ఇదేదో డిటెక్టివ్ సీరియల్‌లా ఉంది. మాకు ఈ గోలేం లేదు, పూండి, పుళల్ జలాశయాల మీదుగా వచ్చే మెట్రో వాటర్. ఆంధ్రాలోని కండలేరు నుంచి వదిలినప్పుడు అందులో మన కృష్ణమ్మ కూడా ఉంటుంది. పుట్టింటి నీళ్ళన్నమాట.

కొళత్తూరు_అన్నయ్య | రాత్రి 10:47
పుట్టింటి నీళ్ళైనా క్లోరిన్ ఉంటుంది ప్రసాదూ. రాత్రంతా బకెట్లో ఉంచి, గాలి పంపు పెట్టి వాడు. ప్లాస్టిక్ మొక్కకి ఏం కాదు గానీ చేపకి మొప్పలు కాలతాయి.

ఝాన్సీ గారూ, బాగా పట్టారు. మా వైపు సాఫ్ట్‌నర్లు తక్కువ, అందుకే నాకు తట్టలేదు.

మేడవాక్కం_మురళి | సోమవారం, ఉదయం 8:15
స్ట్రిప్పు చూశాను. అచ్చం మీరన్నట్టే. ఇంటి కుళాయి నీళ్ళకి గట్టిదనం గడి అసలు రంగే మారలేదు. కింద తోట కుళాయి నీళ్ళకి ముదురు రంగొచ్చింది. టీడీఎస్ రెండింటికీ కాస్త అటూ ఇటూగా ఒకటే. వాచ్‌మన్‌కి మాత్రం నేను బకెట్లు పట్టుకుని లిఫ్టెక్కడం అర్థం కావట్లేదు.

భీమవరం_బాబాయ్ | సోమవారం, ఉదయం 10:30
నేను తాంబరంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇదంతా చదువుతుంటే నవ్వొస్తోంది నాయనా. మా చెరువుల్లో ఈ నాచుని పీకించడానికి కూలీలని పెట్టేవాళ్ళం. మీరు డబ్బిచ్చి కొని, బకెట్లతో నీళ్ళు మోసి పెంచుతున్నారు. చేపల చెరువులో ఇది ఎక్కువైతే వల తిరగదు. గడ్డి చేప పిల్లల్ని వదిలితే మేసేస్తుంది. అన్ని నాచుల్లోకీ దానికి ఇదంటేనే ప్రాణం. కానివ్వండి, ఎవరి సరదా వారిది.

లక్ష్మీటీచర్ | సోమవారం, సాయంత్రం 5:45
మురళి గారి మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు, సిలిండరు లేకుండా ఎలా అని. హైడ్రిల్లాకి అది అక్కర్లేదు, కారణం ఇదీ. నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కంటే దాదాపు పది వేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. పీహెచ్ 8 దాటిన నీళ్ళలో ఆ వాయువు ఉండేది కూడా తక్కువే. చాలా మొక్కలు అక్కడే ఆకలితో ఆగిపోతాయి. హైడ్రిల్లా, వాలిస్నేరియా లాంటివి మాత్రం నీళ్ళలో కరిగి ఉన్న బైకార్బొనేటు నుంచి కార్బన్ తీసుకోగలవు. బోరు నీళ్ళలో బైకార్బొనేటుకి కొదవేముంది? మనం కాఫీకి పనికిరావని తిట్టుకునే నీళ్ళే దానికి భోజనం.

స్కూల్లో ప్రయోగానికి బీకరులో చిటికెడు తినే సోడా ఎందుకు వేస్తామో ఎంతమంది పిల్లలు అడిగేవారో. జవాబు ఇదే. తినే సోడా అంటే సోడియం బైకార్బొనేట్. అది వేయగానే బుడగలు జోరందుకుంటాయి.

కొత్తమీనం | సోమవారం, రాత్రి 7:20
అయితే ట్యాంకులో కూడా వారానికో చెంచా తినే సోడా వేస్తే సరిపోతుందా మేడమ్?

లక్ష్మీటీచర్ | రాత్రి 7:35
వద్దమ్మా! అది గంటసేపటి ప్రయోగానికి, చేపలు లేని బీకరుకి. ట్యాంకులో వేస్తే పీహెచ్ ఎగురుతుంది, సోడియం పేరుకుంటుంది. మురళి గారి సాఫ్ట్‌నర్ చేసిన పనినే మీరు చెంచాతో చేసినట్టవుతుంది. బోరు నీళ్ళలో ఉన్నది చాలు.

వాలిస్_వాసు | రాత్రి 7:50
వాలిస్ కూడా తీసుకుంటుందని టీచరమ్మే చెప్పారు. రికార్డు కోసం రాస్తున్నాను.

మేడవాక్కం_మురళి | రెండు వారాల తర్వాత, ఆదివారం
పట్టుకుంది! కొత్త చిగురు నిటారుగా, ముదురాకుపచ్చగా వస్తోంది. మా అమ్మాయి ట్యాంకు అద్దానికి స్కేలు అంటించి రోజూ కొలుస్తోంది, కొన్ని కాడలు రోజుకో అంగుళం లేస్తున్నాయి. పైకి చేరి నీళ్ళ మీద పడుకుని అడ్డంగా పరుచుకుంటున్నాయి. గప్పీ పిల్లలు అందులోనే దాక్కుంటున్నాయి, ఇప్పుడు పెద్ద చేపలకి దొరకట్లేదు.

ఒక్కటే సందేహం. ఆకుల మీద తెల్లగా, పలచటి సున్నం పూసినట్టు ఏదో పట్టింది. వేళ్ళతో రుద్దితే ఇసుకలా గరగరమంటోంది. బూజా? జబ్బా?

లక్ష్మీటీచర్ | ఆదివారం, మధ్యాహ్నం
ఆకు పైవైపే ఉందా, కిందివైపు కూడానా?

మేడవాక్కం_మురళి | ఆదివారం, మధ్యాహ్నం
పైవైపే. కింద శుభ్రంగా ఉంది. మీకెలా తెలిసింది?

లక్ష్మీటీచర్ | ఆదివారం, మధ్యాహ్నం
జబ్బు కాదు, అది నిజంగా సున్నపురాయే, కాల్షియం కార్బొనేట్. బైకార్బొనేటు వాడుకునేటప్పుడు ఈ మొక్క ఆకు అడుగువైపు నీటిని ఆమ్లంగా, పైవైపు నీటిని క్షారంగా మారుస్తుంది. అడుగువైపు ఆమ్లంలో బైకార్బొనేటు విరిగి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, దాన్ని లోపలికి లాక్కుంటుంది. పైవైపు క్షారంలో నీళ్ళలోని కాల్షియం సున్నమై పేరుకుంటుంది. ఒక చిన్న ఆకు, దాని రెండు ముఖాల మీద రెండు రకాల రసాయనం! సాఫ్ట్‌నర్ నీళ్ళలో మీకు ఇది కనిపించదు, అక్కడ పేరుకోవడానికి కాల్షియమే లేదు కాబట్టి. ఒక ఆకు తీసి నిమ్మరసం చుక్క వెయ్యమనండి మీ అమ్మాయిని. బుసబుస పొంగుతుంది.

ఝాన్సీ_వేళచ్చేరి | ఆదివారం, సాయంత్రం
టీచర్ గారూ, ఎప్పటి నుంచో ట్యాంకులు పెడుతున్నాను, పైవైపు మాత్రమే ఎందుకుంటుందో ఇవాళే తెలిసింది. మీరు ముందే ఈ చర్చా వేదికలోకి వచ్చి ఉండాల్సింది.

ఆ సున్నం మరీ మందంగా పడితే ఆకుకి లైటు అందదు. అలాంటి పాత ముక్కలు తీసేసి కొత్త కొసలు ఉంచుకోండి.

మేడవాక్కం_మురళి | బుధవారం, ఉదయం 5:40
అర్జెంటు. చేపలన్నీ నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని ఆడిస్తున్నాయి. ఒక మోలీ పక్కకి ఒరిగింది. నిన్న రాత్రి దాకా బాగానే ఉన్నాయి. నీళ్ళు కూడా మార్చలేదు. ఏం చెయ్యాలి?

భీమవరం_బాబాయ్ | ఉదయం 5:52
ముందు మగ్గుతో నీళ్ళు తీసి పైనుంచి ధారగా పొయ్యి నాయనా. ఆపకుండా పొయ్యి. గాలి పంపు ఉంటే పెట్టు. నాచు సగం చేత్తో లాగి బయట పడెయ్యి. కబుర్లు తర్వాత.

మేడవాక్కం_మురళి | ఉదయం 6:45
పంపు వేశాను, సగం మొక్క తీశాను. చేపలు కిందికి దిగుతున్నాయి. మోలీ కూడా నిలబడింది. ఏం జరిగింది బాబాయ్ గారూ?

భీమవరం_బాబాయ్ | ఉదయం 7:30
చేప తేలింది, అంతే. మా చెరువు గట్ల మీద ఎవరినడిగినా చెబుతారు, తెల్లవారుజామున మూడు నుంచి ఆరు దాకానే గండం. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, నిజమే. రాత్రి లైటు ఆరాక అది కూడా మనలాగే ఊపిరి పీల్చుకుంటుంది, చేపతో పాటు ఆక్సిజన్ తినేస్తుంది. తెల్లారేసరికి నీళ్ళలో మిగిలేది అడుగంటుతుంది. అందుకే మేం ఏరియేటర్లు రాత్రి తిప్పుతాం, పగలు ఆపుతాం. రోజంతా మబ్బు పట్టిందంటే ఆ రాత్రి ఇంకా ప్రమాదం, పగలు సంపాదన ఉండదుగా.

ఇంత వేడిలో ఇంకో బాధ. నీళ్ళు 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పట్టుకోగలవు. 32 దగ్గర ఏడు మిల్లీగ్రాములు దాటి కొంచెం, అంతే. మీ ట్యాంకు ఇప్పుడెంత వేడుంది? రాత్రి పంపు నడుస్తుందా?

మేడవాక్కం_మురళి | ఉదయం 8:05
32. పంపు... మా అత్తగారు హాల్లో పడుకుంటారు. గుర్రుమంటోందని రాత్రిపూట ఆపేస్తున్నారని ఇప్పుడే తెలిసింది.

పెరంబూరు_ప్రసాద్ | ఉదయం 8:10
ఈ కేసులో ముద్దాయి దొరికింది. శిక్ష వెయ్యడం మాత్రం మీ వల్ల కాదు.

కొళత్తూరు_అన్నయ్య | ఉదయం 9:20
అత్తగారిని ఏం అనకండి. పంపు కింద మడత పెట్టిన పాత టవలు గానీ స్పాంజి ముక్క గానీ పెట్టండి. గోడకి, చెక్కకి తగలనివ్వకండి. చప్పుడులో చాలా భాగం పంపుది కాదు, దాన్ని పెట్టిన బల్లది. లేదంటే ఫిల్టరు మూతి కాస్త పైకెత్తి నీటి మట్టం కదిలేలా పెట్టండి, అలలు కదిలితే గాలి కలుస్తుంది, బుడగల మోత ఉండదు. నీటి మీద పరుచుకున్న మొక్కని మాత్రం సగానికి మించనివ్వొద్దు. పైభాగం మూసుకుపోతే గాలికి దారి ఉండదు. కరెంటు పోయే ఇళ్ళయితే బ్యాటరీ పంపు ఒకటి పక్కనుండాలి.

వేడికి ట్యాంకు మీద చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మన సముద్రపు ఉక్కలో అంతకంటే ఎక్కువ ఆశించొద్దు. నీళ్ళు ఆవిరై తగ్గినప్పుడు మాత్రం బోరు నీళ్ళు పోస్తూ పోకండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పులు అక్కడే ఉంటాయి. తగ్గినంత మేరకి ఆర్వో నీళ్ళు పొయ్యండి. ఆర్వో నుంచి పారిపోయే నీళ్ళు కాదు, తాగేవి.

మేడవాక్కం_మురళి | శనివారం, ఉదయం
టవలు పెట్టాను. అత్తగారు హాయిగా నిద్రపోతున్నారు, చేపలూ బాగున్నాయి. ఇప్పుడు సమస్య వేరే. వారానికో బకెట్టు మొక్క కత్తిరించాల్సి వస్తోంది. పైన ఆరంగుళాల కొసలు కత్తిరించి మళ్ళీ గుచ్చుతున్నాను, నీడ తగిలి బోడిగా అయిన కింది కాడలు పీకేస్తున్నాను. ఇదంతా ఎక్కడ పడెయ్యాలి?

పెరంబూరు_ప్రసాద్ | శనివారం, ఉదయం
పక్కనే పళ్ళికరణై చిత్తడి ఉంది కదా, అందులో వదిలెయ్యండి. పుట్టింటికి పంపినట్టుంటుంది.

ఝాన్సీ_వేళచ్చేరి | శనివారం, ఉదయం
ప్రసాద్ గారూ, జోక్‌గా కూడా ఆ మాట అనకండి, ఎవరో ఒకరు నిజంగా చేస్తారు. అది 2022లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరింది.

వాలిస్_వాసు | శనివారం, మధ్యాహ్నం
ఒక్క నిమిషం. గుర్రపుడెక్క అయితే సరే, అది బయటి నుంచి వచ్చి మన చెరువుల్ని మింగింది. హైడ్రిల్లా ఇక్కడిదేగా? అక్కడ ఆల్రెడీ ఉండే ఉంటుంది. ఇంకో పిడికెడు పడితే వచ్చే నష్టమేంటి?

ఝాన్సీ_వేళచ్చేరి | శనివారం, మధ్యాహ్నం
నష్టం మొక్కతో కాదు, మొక్కతో పాటు వెళ్ళేవాటితో. గప్పీ పిల్లలు, నత్త గుడ్లు, పక్కనున్న విదేశీ మొక్కల ముక్కలు, మన ట్యాంకులోని జబ్బులు. అదే బకెట్టులో అన్నీ పోతాయి. అసలు ఈ హైడ్రిల్లానే చూడండి. 1950లలో అక్వేరియం వ్యాపారం కోసం శ్రీలంక నుంచి అమెరికాలోని ఫ్లారిడాకి తీసుకెళ్ళారు. అక్కడి కాలువల్లో పడింది. ఒక్క కణుపు ముక్క ఉన్నా మొలుస్తుంది, పైగా బురదలో చిన్న దుంపలు వేసి ఏళ్ళ తరబడి ఓపిగ్గా కూర్చుంటుంది. ఇప్పుడు అక్కడ ప్రభుత్వం దాన్ని ప్రమాదకరమైన కలుపు మొక్కల జాబితాలో పెట్టి ఏటా డబ్బు పోస్తోంది. మనకి అది గడ్డి, వాళ్ళకి పీడ. వాళ్ళ మొక్కలు మనకి పీడ.

వాలిస్_వాసు | శనివారం, మధ్యాహ్నం
గప్పీ పిల్లల మాట ఒప్పుకుంటాను. కానీ ఇక్కడి మొక్కని ఇక్కడి చెరువులో వేస్తే నేరమన్నట్టు మాట్లాడటం మాత్రం నాకు ఎక్కదు.

నిర్వాహకుడు | శనివారం, సాయంత్రం
ఇద్దరూ ఇక్కడితో ఆపండి. చెరువుల్లో, కాలువల్లో ట్యాంకు సరుకు వదలమని సలహా ఇవ్వడం ఈ వేదిక నియమాలకి విరుద్ధం. ప్రసాద్ గారి పోస్టు జోక్ కాబట్టి ఉంచుతున్నాం.

భీమవరం_బాబాయ్ | శనివారం, రాత్రి
మేడ మీద ఎండలో ఆరెయ్యి నాయనా. బకెట్టు నాచు మన ఎండకి రెండు రోజుల్లో పిడికెడు అవుతుంది, అంతా నీరే. అది నలిపి కరివేపాకు కుండీలో, మల్లె కుండీలో వెయ్యి. కోళ్ళుంటే పచ్చిదే వెయ్యొచ్చు, మీ అపార్టుమెంటులో కోళ్ళెక్కడివిలే.

కొత్తమీనం | ఆదివారం, ఉదయం
మురళి గారూ, పారేసే బదులు నాకు ఇస్తారా? నేను షోళింగనల్లూరులో ఉంటాను. నా దగ్గర రెండు గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి. మొక్క పెడదామని.

మేడవాక్కం_మురళి | ఆదివారం, ఉదయం
తప్పకుండా. సాయంత్రం ఐదు తర్వాత రండి, తడిగుడ్డలో చుట్టి కవర్లో పెట్టి ఉంచుతాను. మీ అపార్టుమెంటులో సాఫ్ట్‌నర్ ఉందేమో ముందు కనుక్కోండి.

కొళత్తూరు_అన్నయ్య | ఆదివారం, ఉదయం
గోల్డ్‌ఫిష్ ఉంటే అది మొక్క కాదు తమ్ముడూ, టిఫినే. రెండు కవర్లు తీసుకెళ్ళు. ఒకటి బకెట్లో వేసి బాల్కనీలో నీడపట్టున పెంచుకో, దోమలు గుడ్లు పెట్టకుండా ఒక గప్పీ జంటని అందులో వదులు. రెండోది ట్యాంకులో వేసి, అయిపోయినప్పుడల్లా బకెట్లోంచి తీసి వేస్తూ ఉండు.